పట్టుకునే దొడ్డిలో మూడు అల్పాకాలు

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊరు, వాళ్ళ ఉద్యోగాలు, జంతువుల పేర్లు తీసేశాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేను అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో పశువైద్యురాలిని. చదువు రాజేంద్రనగర్‌లో. ఇక్కడికి రాకముందు నా చేతులకు తెలిసినవి బర్రెలు, గొర్రెలు, మేకలు. ఈ కేసులో నేను తీసుకున్న మొదటి నిర్ణయం తప్పయింది. అదే పని గొర్రె దగ్గర చేసుంటే తప్పయ్యేది కాదు. ఆ తేడా ఎక్కడుందో అర్థం చేసుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

నేపథ్యం

అల్పాకాల సొంత ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా ఎత్తుల్లో వికూన్యా అనే అడవి జంతువు నుంచి కొన్ని వేల ఏళ్ళ కిందట మనుషులు మచ్చిక చేసుకున్న జాతి ఇది. ఒంటెకు, లామాకు చుట్టం. 1984లో అమెరికాకు రావడం మొదలైంది. ఒక దశలో మంచి ఆడ అల్పాకా వేల డాలర్లు పలికింది. తర్వాత ధరలు పడిపోయాయి. ఇప్పుడు కాపు కొట్టిన, అంటే వృషణాలు తీసేసిన, మగవి చాలా తక్కువకే దొరుకుతున్నాయి. అందుకే మా వైపు నాలుగైదు ఎకరాలున్న చాలా మంది సరదాగా రెండు మూడు తెచ్చి పెంచుకుంటున్నారు.

ఈ కుటుంబం తెలంగాణ వాళ్ళు. భార్యాభర్తలిద్దరివీ ఆఫీసు ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. ఉన్న ఐదెకరాల్లో రెండెకరాలకు కంచె వేయించి, ఒక చిన్న షెడ్డు కట్టించారు. కంచె వెనకంతా చెట్లు, తెల్లతోక జింకలు. అల్పాకా మందలో బతికే జంతువు, ఒంటరిగా ఉంచితే కుంగిపోతుంది. కనీసం మూడు ఉండాలని ఎవరో సరిగ్గానే చెప్పారు. అక్టోబరులో మూడు మగవాటిని కొన్నారు. వాటిని ఇక్కడ రంగులతో పిలుస్తాను. బూడిదోడికి ఏడేళ్ళు, నల్లోడికి నాలుగు. ఈ రెంటికీ కాపు కొట్టేశారు. తెల్లోడు 14 నెలల పిల్ల. తల్లి చనిపోతే సీసా పాలతో పెరిగాడు. కాపు కొట్టలేదు. అమ్మినవాళ్ళు వాడి గురించి "చాలా స్నేహంగా ఉంటాడు" అని ప్రత్యేకంగా చెప్పారట. ఆ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. ముందే తెలిసుంటే మొదటి రోజే కొన్ని జాగ్రత్తలు చెప్పి ఉండేదాన్ని.

మా ప్రాంతంలో అల్పాకా పెంచేవాళ్ళకు తప్పని పని ఒకటుంది. తెల్లతోక జింకల ఒంట్లో మెనింజియల్ వార్మ్ అనే నట్ట ఉంటుంది. జింకను అది ఏమీ చేయదు. జింక పెంటికల నుంచి నత్తల్లోకి చేరుతుంది. గడ్డితో పాటు ఆ నత్తను మింగిన అల్పాకా వెన్నుపాములోకి, మెదడులోకి దారి చేసుకుంటుంది. వెనక కాళ్ళు తడబడటంతో మొదలై జంతువు లేవలేని స్థితికి వస్తుంది. ఆ దశలో వైద్యం చేసినా కోలుకుంటుందన్న భరోసా లేదు. అందుకని ఇక్కడ చాలా మంది నెలకోసారి చర్మం కింద ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు సూది వేస్తారు. అంటే కొన్న రోజు నుంచే ఈ దంపతులు ప్రతి నెలా మూడు జంతువుల్ని చేత్తో పట్టుకోవాలి. పట్టుకోవడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. అమ్మిన చోట అరగంట చూపించి పంపించారంతే.

సమస్య ఎలా బయటపడింది

నవంబరులో రెండెకరాల బయలులో తరిమి తరిమి పట్టుకున్నారు. డిసెంబరులో అదే పనికి ముప్పావు గంట పట్టింది. నల్లోడు కంచెకు గుద్దుకుని మోకాలు గీరుకున్నాడు. జనవరి నుంచి సూదులు మానేశారు. మంచులో నత్తలుండవు కదా అనుకున్నారు. ఆ ఆలోచనలో కొంత నిజముంది గానీ, ఒహాయో చలికాలంలో మధ్యమధ్య వెచ్చటి రోజులొస్తాయి. అసలు కారణం వేరే ఉంది. పట్టుకోవడమంటే మనుషులకూ భయం పుట్టింది. భర్త ఫోనులో నాతో అన్న మాట గుర్తుంది. "సూది తేదీ దగ్గరపడుతుంటే నాకే నిద్ర పట్టేది కాదు డాక్టర్ గారూ."

మే మధ్యలో ఉన్ని కత్తిరించేవాళ్ళు వచ్చారు. ఏడాదికోసారి ఎండలు ముదరక ముందే ఇది చేయాలి. చాప మీద పడుకోబెట్టి ముందు కాళ్ళు ఒకవైపు, వెనక కాళ్ళు ఒకవైపు తాళ్ళతో సాగదీసి కట్టి, ఒక్కోదాన్ని కొన్ని నిమిషాల్లో ముగించేస్తారు. బూడిదోడి ఉన్ని దిగేసరికి లోపల వెన్నుపూస కొడవలి అంచులా కనిపించింది. ఉన్ని కత్తిరించే ఆయనే "ముందు వెట్‌ను పిలవండి" అన్నాడు.

అల్పాకా విషయంలో కన్ను మోసం చేస్తుంది. నాలుగైదు అంగుళాల ఉన్ని కింద ఎముకల గూడు ఉన్నా బయటికి బొద్దుగానే కనిపిస్తుంది. వారానికోసారైనా వీపు మీద, చివరి పక్కటెముక వెనక చెయ్యి పెట్టి తడిమితే తప్ప కండ ఉందో లేదో తెలియదు. ఈ ఇంట్లో ఐదు నెలలుగా బూడిదోడి వీపు మీద ఎవరూ చెయ్యి పెట్టలేకపోయారు. జబ్బు ముదిరిపోవడానికి కారణం అదే.

మొదటి రోజు

నేను వెళ్ళేసరికి మూడూ షెడ్డు మూల దూరి నిలబడి ఉన్నాయి. మెడలు నిటారుగా, చెవులు వెనక్కి. నాకు కావలసినవి రక్తం, పెంటికల నమూనా, కనురెప్ప లోపలి రంగు, వీలైతే మొదటి విడత నట్టల మందు. ఇక్కడ నా ముందు రెండు దారులున్నాయి. ముందు వాటిని కొన్ని రోజులు కుదుటపరచి ఆ తర్వాత పరీక్షించడం ఒకటి. అప్పటికప్పుడు గట్టిగా పట్టుకుని పని ముగించడం ఇంకోటి. అంత చిక్కిపోయిన జంతువును వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. రెండోది ఎంచుకున్నాను. ఆ తొందర తప్పని ఇప్పటికీ అనుకోను. పట్టుకున్న తీరు తప్పు.

గొర్రెను పట్టినట్టు పట్టాను. మూలకు నెట్టి, మెడ చుట్టూ చెయ్యి బిగించి, తొడతో పక్కటెముకలకు ఆనించి నొక్కాను. గొర్రె అలా చిక్కితే ఒక్క క్షణం గింజుకుని నెమ్మదిస్తుంది. బూడిదోడు మాత్రం ముందుకు ఉరికి, వెనక్కి విరుచుకుపడి, చివరికి నాలుగు కాళ్ళూ ముడిచి కింద కూలబడ్డాడు. పెద్దగా అరిచాడు. కడుపులోంచి పచ్చటి మేత రసం తెచ్చి పక్కనున్న భర్త ముఖం నిండా ఉమ్మాడు. పన్నెండు నిమిషాల్లో నా పని అయింది.

కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోయింది. కనురెప్ప రంగును బట్టి రక్తహీనతను అంచనా వేసే ఫమాచా కార్డు మీద 4. ఆ కార్డు గొర్రెల కోసం తయారైనదే గానీ అల్పాకాలకూ పనికొస్తుంది. 1 ఎర్రగా ఆరోగ్యం, 5 కాగితంలా తెలుపు. రక్తంలో ఎర్రకణాల శాతం 16. ఆరోగ్యంగా ఉన్న అల్పాకాలో 25 పైనే ఉండాలి. పెంటికల్లో కడుపు నట్టల గుడ్లు లెక్కకు మించి ఉన్నాయి. బరువు 47 కిలోలు. అమ్మినప్పటి కాగితంలో 62 ఉంది. ఉన్ని బరువు మూడు కిలోలు తీసేసినా ఇది పెద్ద నష్టమే.

మందు ఎంపిక గురించి ఒక మాట చెప్పాలి. చాలా మంది పొరపడేది ఇక్కడే. "నెలనెలా ఐవర్‌మెక్టిన్ వేసే మందలోంచే తెచ్చాం కదా, నట్టలు ఎలా వచ్చాయి?" అని భార్య అడిగింది. ఆ సూది జింక నట్టను ఆపడానికి. కానీ ఏళ్ళ తరబడి నెలనెలా వేసిన మందల్లో కడుపులో రక్తం పీల్చే నట్టలు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. ఒక నట్ట కోసం వేసే మందు ఇంకో నట్టను మొండిదాన్ని చేస్తుంది. వీటిని అమ్మిన మందలో ఎన్నో ఏళ్ళుగా నెలనెలా ఆ సూది వేస్తూనే వచ్చారు. కాబట్టి వేరే జాతి మందు, నోటి ద్వారా, విడతలుగా ఇవ్వాలని నిర్ణయించాను. 14 రోజుల తర్వాత మళ్ళీ గుడ్లు లెక్కపెట్టి మందు పనిచేసిందో లేదో చూడాలి. అమెరికాలో అల్పాకాలకని అనుమతి పొందిన నట్టల మందులు దాదాపు లేవు. మోతాదు ప్రతిసారీ పశువైద్యుడి బాధ్యత మీదే నడుస్తుంది. అందుకే మోతాదులు ఇక్కడ రాయడం లేదు.

మూడో రోజు ఫోను వచ్చింది. "డాక్టర్ గారూ, మీరొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి వాడు షెడ్డులోకే రావట్లేదు. దాణా ముట్టట్లేదు. వాడికి మేమంటే కోపం వచ్చేసింది."

రక్తం అంత తగ్గిన జంతువు రెండు రోజులు మేత మానితే అదే ప్రమాదం. మళ్ళీ తరిమి పట్టుకోబోతే పరుగులో కూలిపోవచ్చు. మందు ఆపితే నట్టలు చంపుతాయి. మందు కోసం పట్టుకుంటే ఆ పట్టుకోవడమే చంపేలా ఉంది. ఆ రాత్రి చాలాసేపు ఇదే ఆలోచించాను. నేను మందును సరిగ్గా ఎంచుకుని పట్టును తప్పుగా ఎంచుకున్నానని అప్పుడు తోచింది.

మెడ గురించి

అల్పాకా మెడ దాని శరీరానికి త్రాసు ముల్లు. నడిచినా, తిరిగినా, కాలెత్తినా పొడవాటి మెడను కాస్త అటూ ఇటూ వాల్చి తూకం నిలబెట్టుకుంటుంది. ఆ మెడను చంకలో బిగిస్తే ముందు పోయేది ఊపిరి కూడా కాదు, నిలకడ. పడిపోతున్నానన్న భయంతో గింజుకుంటుంది. గింజుకుంటోందని మనం ఇంకా బిగిస్తాం. గొర్రెకు పొట్టి మెడ, బరువంతా కింద. అందుకే దాని దగ్గర ఆ పట్టు చెల్లుతుంది. మన ఊళ్ళలో గొంగళ్ళ కోసం దక్కని గొర్రెల ఉన్ని కత్తిరించేటప్పుడు కాపరి గొర్రెను ఒడిలోకి లాక్కుని కూర్చుంటాడు. అది కాసేపటికి కళ్ళు మూసుకుంటుంది. చిన్నప్పటి నుంచి చూసిన ఆ దృశ్యమే నా చేతుల్లో ఉండిపోయి, నన్ను తప్పుదారి పట్టించింది.

లామాలు, అల్పాకాలతో దశాబ్దాలుగా పనిచేసిన మార్టీ మెగీ బెనెట్ నేర్పే కామెలిడైనమిక్స్ పద్ధతి గురించి నేను విని ఉన్నాను. ఆ పద్ధతికి మూలం ఈ తూకమే. దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఆచరణలో పెట్టలేదు. ఈ కేసులో మొదటిసారి పెట్టాను.

పెద్దావిడ

రెండో రాకలో ఇంట్లో ఇంకొకరు ఉన్నారు. భర్త తల్లి, ఆరు నెలలు ఉండి వెళ్దామని ఊరి నుంచి వచ్చారు. అరవై దాటిన మనిషి. జీవితమంతా బర్లతో గడిపారు. నేను పట్టుకునే పద్ధతి గురించి కొడుకు కోడళ్ళకు చెబుతుంటే చివరి వరకూ విని ఇలా అన్నారు. "కొత్త బర్రెను తెచ్చినప్పుడు వారం దినాలు దాని పక్కన ఊకె కూసుంటం. రాంగనే పొదుగుల చెయ్యి పెడ్తమా, చెప్పు బిడ్డా?"

నేను కాగితం మీద మూడు పేజీల్లో రాసుకున్న ప్రణాళికకు మొదటి మెట్టు అదే. ఆ రోజు నుంచి ఆమె పొద్దున్నే ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకునేవారు. వాటి వంక చూసేవారు కాదు, పిలిచేవారు కాదు. ఐదో రోజుకు బూడిదోడు వచ్చి ఆమె కొంగు వాసన చూశాడు.

తినిపించడం వల్ల వచ్చిన చిక్కు

నేను లేని ఆ రోజుల్లో ఇంకోవైపు వేరే ప్రయత్నం నడిచింది. చేత్తో దాణా తినిపిస్తే మచ్చికవుతాయని కోడలు, తొమ్మిదేళ్ళ కూతురు రోజూ అరచేతిలో గుళికలు పెట్టుకుని వెళ్ళేవారు. బూడిదోడు, నల్లోడు దగ్గరికే రాలేదు. తెల్లోడు వచ్చాడు. పది రోజుల్లో వాడు బకెట్టు కనిపిస్తే ఛాతీతో నెట్టడం, పాప భుజాల మీదికి ముందు కాళ్ళు ఎత్తడం మొదలుపెట్టాడు. ఇంట్లో అందరూ అది ముద్దు అనుకున్నారు. వీడియో తీసి నాకు పంపారు.

ఆ వీడియో చూసి నేను నవ్వలేదు. వెంటనే ఫోను చేసి, పాపను వాడితో ఒంటరిగా పంపొద్దని చెప్పాను. మందకు దూరంగా, సీసా పాలతో, మనుషుల ఒళ్ళో పెరిగిన మగ పిల్ల మనుషుల్ని తన జాతివాళ్ళే అనుకుంటుంది. రెండు మూడేళ్ళకు మగతనం ముదిరాక సాటి మగదానితో ఎలా పోట్లాడుతుందో మనిషితోనూ అలాగే పోట్లాడుతుంది. ఛాతీతో గుద్ది కింద పడేస్తుంది, కాళ్ళు కొరుకుతుంది. ఒకప్పుడు దీన్ని బెర్సర్క్ మేల్ సిండ్రోమ్ (వెర్రెత్తిన మగదాని జబ్బు) అనేవారు. ఇప్పుడు కొందరు నోవిస్ హ్యాండ్లర్ సిండ్రోమ్ (పెంపకం తెలియని మనిషి తెచ్చిన జబ్బు) అంటున్నారు. నాకు రెండో పేరే న్యాయంగా అనిపిస్తుంది. మొదటి పేరు తప్పంతా జంతువు మీద వేస్తుంది. తెల్లోడికి ఆ అలవాటు చేసింది మనుషులే.

వాడికి మూడు మార్పులు చెప్పాను. చేత్తో తినిపించడం పూర్తిగా ఆపాలి, దాణా తొట్టిలోనే పడాలి. ముఖం, మెడ నిమరడం, కౌగిలించుకోవడం వద్దు. దగ్గరికి వస్తే మనం వెనక్కి తగ్గకుండా చెయ్యి అడ్డంగా చాచి వాడినే వెనక్కి పంపాలి. కాపు వెంటనే కొట్టలేదు. ఎదుగుదల పూర్తికాక ముందే కొడితే కాళ్ళ ఎముకలు మామూలు కంటే పొడవుగా సాగి కీళ్ళ తేడాలు రావచ్చు. ఈ పిల్ల తీరు చూస్తే మరీ ఆలస్యం చేయడానికీ లేదు. రెంటికీ మధ్య, వాడికి 22 నెలలు నిండాక చేశాను. కాపు కొడితే హార్మోను తగ్గుతుంది, నేర్చుకున్న అలవాటు పోదు. ఆ సంగతి ముందే వాళ్ళకు చెప్పాను.

దొడ్డి

పదడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తున్న ఇనుప పలకలు నాలుగు కొనిపించి షెడ్డు ముందు ఒక చదరపు దొడ్డి కట్టించాను. ఇంతకంటే పెద్దదైతే లోపల కూడా తరమాల్సి వస్తుంది. మరీ చిన్నదైతే మూడింటికీ కాలు మోపే చోటు ఉండదు. మూడింటినీ కలిపే లోపలికి తేవాలి. ఒక్కదాన్ని విడదీస్తే అది మనల్ని పట్టించుకోదు, కంచె అవతలి స్నేహితుల కోసం దూకుతుంది.

మొదటి వారం గేటు తెరిచే ఉంచారు. ఎండుగడ్డి, దాణా అక్కడే. ఎనిమిదో రోజు అవి తింటుండగా గేటు మూసి, ఐదు నిమిషాలుంచి, ఏమీ చేయకుండా తెరిచారు. తర్వాత ఆరు రోజులు అదే. భర్తకు ఇది సమయం వృథా అనిపించింది. "మూసినప్పుడు ఎలాగూ లోపలే ఉన్నాయి కదా డాక్టర్ గారూ, మందు వేసేద్దాం" అన్నారు. గేటు మూసిన ప్రతిసారీ సూది వస్తే గేటు చప్పుడే సూది అయిపోతుంది. పది సార్లు గేటు మూసుకుంటే తొమ్మిది సార్లు ఏమీ జరగకూడదు. ఈ లెక్క ఆయనకు నచ్చింది.

మరి అత్యవసర మందు సంగతేంటి? అది రెండు వారాలు ఆగదు. ఇక్కడ తీసుకున్న నిర్ణయాన్ని నేను ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. మిగిలిన విడతల మందు దొడ్డిలో ఇవ్వలేదు. షెడ్డుకు అవతలి కొసన ఉన్న గడ్డి గదిలోకి మూడింటినీ నెమ్మదిగా నడిపించి అక్కడ ఇచ్చాం. ఆ గది చెడ్డపేరు తెచ్చుకున్నా ఫరవాలేదు, దొడ్డికి మచ్చ రాకూడదు. మందు తాగించేటప్పుడు గడ్డం పైకెత్తలేదు. తల ఎత్తిపడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దవడ నేలకు సమానంగా ఉంచి, బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా పోశాను.

నడిపించడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ప్రతి మంద జంతువుకూ చుట్టూ ఒక హద్దు ఉంటుంది. దాని లోపలికి అడుగుపెడితే కదులుతుంది, బయటికి వస్తే ఆగుతుంది. భుజానికి వెనక నిలబడితే ముందుకు పోతుంది. భుజం దాటి ముందుకు వస్తే వెనుదిరుగుతుంది. పశువుల్ని నడిపించే వాళ్ళందరికీ అమెరికా పశు ప్రవర్తన నిపుణురాలు టెంపుల్ గ్రాండిన్ బొమ్మలు గీసి చెప్పిన సూత్రం ఇదే. మన కాపరులు చదవకుండానే రోజూ చేసేదీ ఇదే. అల్పాకాల దగ్గర చేతుల కంటే కర్ర మేలు. మనిషి చేతులు చాచి మీదికొస్తే పట్టుకోవడానికే అని వాటికి తెలిసిపోయింది. రెండు సన్నటి కర్రలు నేలకు సమానంగా పట్టుకుంటే మనిషి అంతే దూరంలో ఉండి గోడంత వెడల్పవుతాడు. పెద్దావిడకు ఇది ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. నాలుకతో ఒక చిన్న చప్పుడు చేసి, కర్ర అడ్డం పెట్టి, మూడింటినీ దొడ్డిలోకి తోలేశారు.

పట్టుకునే తీరు ఇలా మార్చాం. కంటి ముందుకు వెళ్ళకూడదు. కంటికి కాస్త వెనగ్గా, పక్కన నిలబడాలి. ముందు దారి ఖాళీగా కనిపిస్తే జంతువు వెనక్కి విరుచుకుపడదు. కర్ర కొసన వేలాడే మెత్తటి తాడును మెడ వెనకగా దాటించి వదులుగా పట్టుకోవాలి. అప్పుడు దగ్గరికి వెళ్ళి తల కింద, మెడ పైకొసన, రెండు చేతులతో గాజు వేసినట్టు వదులుగా చుట్టాలి. బిగించకూడదు. అది పక్కకు వాలితే నిటారుగా నిలబడేలా వేళ్ళతో సాయం చేయాలి. నాలుగు కాళ్ళ మీద బరువు సమంగా పడిన క్షణం మెడలో బరువు పోతుంది, అది చేతికి తెలుస్తుంది. వదలాల్సింది ఆ క్షణంలో. గింజుకున్నప్పుడు వదిలితే గింజుకోవడం నేర్చుకుంటుంది.

ఆయనకు ఇది మూడు ఆదివారాలు పట్టింది. అయిన రోజు నాకు ఒక చిన్న సందేశం పంపారు. "ఇవాళ నేను పట్టుకోలేదండీ. వాడే నిలబడ్డాడు."

తలపట్టీ

దొడ్డి కుదిరాక కూడా బూడిదోడు ఒక్క విషయంలో మారలేదు. హాల్టర్ తొడిగి తాడు కాస్త లాగగానే తల విసిరి, నేల మీద పడి పొర్లేవాడు. నేనూ వాడిని మొండివాడనే అనుకున్నాను. రెండు సందర్శనల నోట్సులో ఆ మాటే రాసి ఉంది.

మూడోసారి తాడు ఎవరినీ లాగనివ్వకుండా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ముఖం మాత్రమే చూశాను. తాడు బిగిసిన ప్రతిసారీ ముక్కు పుటాలు ఒక్కసారి విచ్చుకుని నోరు తెరుచుకుంటోంది. అల్పాకా ఊపిరి దాదాపు అంతా ముక్కుతోనే. కంటి కింద నుంచి బొటనవేలు ముక్కు వైపు జార్చాను. ఎముక ఎంతో దూరం లేదు, త్వరగా ముగిసి, అక్కడి నుంచి మెత్తటి మృదులాస్థి మొదలైంది. చెవుల వెనక పట్టీ వదులుగా ఉండటంతో ముక్కు పట్టీ ముందుకు జారి సరిగ్గా ఆ మెత్తటి చోట కూర్చుంటోంది. తాడు లాగితే ఊపిరి ఆగుతోంది. ఊపిరి ఆగిన జంతువు గింజుకోక ఏం చేస్తుంది? ఆ క్షణం నాకు చాలా బాధ కలిగింది. కొన్నవాళ్ళకు ఆ హాల్టర్ జంతువుతో పాటే వచ్చింది. అంటే వాడు దాన్ని ఎన్ని నెలలుగా భరిస్తున్నాడో!

ముక్కు పట్టీ విశాలంగా ఉండి, నెమరు వేయడానికి దవడ కదిలేలా ఉండే కొలత తెప్పించాం. ముందు చెవుల వెనక పట్టీ బిగించి, ముక్కు పట్టీ కళ్ళకు వీలైనంత దగ్గరగా ఎముక మీదే నిలిచేలా సరిచేశాను. ఎంత లాగినా ముందుకు జారకూడదు, అదే పరీక్ష. అదే రోజు బూడిదోడు తాడుతో పది అడుగులు నడిచాడు. పాత నోట్సులో "మొండి" అన్న మాట కొట్టేసి "హాల్టర్ తప్పు" అని రాశాను. ఇప్పుడు ఏ ఫారానికి వెళ్ళినా ముందు హాల్టర్ చూస్తాను, తర్వాతే జంతువును.

వేసవి

జులైలో పనులన్నీ పొద్దున ఆరింటికే మార్చాం. ఫారెన్‌హీట్ డిగ్రీలకు గాలిలో తేమ శాతం కలిపితే 150 దాటిన రోజున వాటిని అనవసరంగా ముట్టుకోవద్దని, 180 దాటితే ప్రాణాపాయమని ఇక్కడి పెంపకందార్లు వాడే లెక్క. 

గోళ్ళు కత్తిరించడం చివరికి మిగిలిన పెద్ద పని. మగ అల్పాకాలు పోట్లాటలో ఒకదాని కాళ్ళు ఒకటి కొరుకుతాయి. అందుకే కాలు పట్టుకుంటే వాటికి పుట్టే భయం వేరు. తుంటి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయకుండా నెమ్మదిగా కిందికి జార్చుకుంటూ వెళ్ళడం నేర్పాను. కాలు బయటికి లాగకుండా పొట్ట కిందే కొద్దిగా ఎత్తాలి. ఇంకొకరు తల దగ్గర గాజుపట్టుతో తూకం నిలబెట్టాలి. మొదటి రోజు ఒక్క గోరు, అంతే. ఆయనకు నాలుగు కాళ్ళూ ఒకేసారి ముగించాలని ఆత్రం. భార్య ఒప్పుకోలేదు, ఆవిడే గెలిచింది.

ఉమ్మడం గురించి ఇంట్లో అందరికీ ఒక బాధ ఉండేది. వాడికి మేమంటే అసహ్యం అనుకునేవారు. ఉమ్మే ముందు చెవులు వెనక్కి వాలుతాయి, గడ్డం పైకి లేస్తుంది. అంటే దూరం జరగమని అడుగుతున్నట్టు. ఆ రెండు గుర్తుల దగ్గరే మనం అరడుగు వెనక్కి తగ్గితే ఆ తర్వాతి మెట్టు రాదు. ఈ మాట తెల్లోడికి వర్తించదని కూడా చెప్పాల్సి వచ్చింది. వాడి దగ్గర వెనక్కి తగ్గితే వాడు గెలిచానని అనుకుంటాడు. ఒకే దొడ్డిలో రెండు జంతువులకు రెండు రకాల మర్యాద పాటించడం ఇంటివాళ్ళకు అన్నిటికంటే కష్టమైంది. నాకు తెలిసి కొత్తగా పెంచేవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పని సంగతి ఇదే.

ఫలితాలు, నాలో మారినవి

రెండు వారాల తర్వాత గుడ్ల లెక్క మొదటిదానిలో పదో వంతు కంటే తక్కువకు పడింది. మందు పనిచేసిందని అర్థం. ఆగస్టులో బూడిదోడి కనురెప్ప 2, బరువు 54 కిలోలు. అక్టోబరులో 59. జింక నట్ట సూది జూన్ నుంచి ఒక్క నెల కూడా తప్పలేదు. మూడింటికీ కలిపి ఇప్పుడు పావుగంట పడుతోంది. ముందు తూకం, తర్వాత కనురెప్ప, తర్వాత వీపు తడమడం, చివర సూది. సూది అయ్యాక గేటు వెంటనే తెరవరు. రెండు నిమిషాలు గడ్డి తినే వరకూ ఆగుతారు. చివరి జ్ఞాపకం నొప్పి కాకూడదని.

నెలనెలా సూది కొనసాగినంత కాలం కడుపు నట్టల గుడ్లను కూడా విడిగా లెక్కపెట్టించుకోమని ఇప్పుడు ప్రతి ఇంటికీ రాసిస్తున్నాను. జంతువుల్ని కొనబోయే ముందు నన్ను అడిగేవాళ్ళకు పలకలు, దొడ్డి ముందు కట్టండి, జంతువు తర్వాత అంటున్నాను. సీసా పాల మగ పిల్లను కొత్తవాళ్ళకు వద్దంటున్నాను. నా వరకు, చిక్కిపోయిన జంతువు అత్యవసరంగా కనిపించినా సరే, మొదటి పది నిమిషాలు దాని దారి, దాని తూకం చూసుకునే దగ్గరికి వెళ్తున్నాను. ఆ పది నిమిషాల వల్ల ఇప్పటి వరకు ఏ జంతువుకూ ఆలస్యం జరగలేదు.

తెల్లోడి విషయం ఇంకా ముగియలేదు. కాపు కొట్టాక ఎగబడటం తగ్గింది, పోలేదు. కొత్త మనిషి కనిపిస్తే ఇప్పటికీ ఛాతీ ముందుకు పెట్టి వస్తాడు. పాపకు దొడ్డిలోకి పెద్దవాళ్ళతో తప్ప అనుమతి లేదు. ఇంకో రెండేళ్ళ పాటు వాడిని అలాగే గమనించమని, ఒక్కసారి గుద్దినా నాకు చెప్పమని అన్నాను.

పెద్దావిడ నవంబరులో ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు రోజు నేను సూది కోసం వెళ్ళాను. ఆమె బకెట్టు మీద కూర్చుని ఉన్నారు. బూడిదోడు ఆమె వెనక నిలబడి, తల ఆమె భుజానికి ఆనకుండా సరిగ్గా ఒక జానెడు దూరంలో ఉంచి నెమరు వేస్తున్నాడు. ఆమె చెయ్యెత్తి వాడిని ముట్టుకోలేదు.